పోరు ఇంతింతా? పోరు నింతింతా?

నలుసు:
వేమన పద్యం ఒకటి మూడో పాదం దగ్గర ఆగిపోయింది. "చెప్పులోని రాయి చెవిలోని జోరీగ, కంటిలోని నలుసు కాలిముల్లు" దాకా తడుముకోకుండా వస్తోంది. "ఇంటిలోని పోరు ఇంతింత కాదయా" దగ్గరికి వచ్చేసరికి నాలుక తట్టుకుంటోంది. "పోరు నింతింత" అని ఎక్కడో చదివినట్టో విన్నట్టో లీలగా గుర్తు. ఆ న ఉందా, లేదా? తాత్పర్యం అక్కర్లేదు. ఆ ఒక్క అక్షరం తేల్చండి చాలు.

యడాగమం:
న లేకపోతే అక్కడ విసంధి, అంటే కలవాల్సిన అచ్చులు కలవకుండా ఉండిపోవడం. ఉత్తు (పొట్టి ఉకారం) మీద అచ్చు, సంధి నిత్యం, పోరింతింత కావాలి. అలా కలిపి చదవండి: ఇంటి, లోని, రెండూ హగణాలే (గురువు, లఘువు). మూడోది "పోరిం", రెండు గురువులు. బేసి పాదంలో మొదటి మూడూ సూర్యగణాలు, అంటే హగణమో మూడు లఘువులో కావాలి కనుక ఆటవెలది అక్కడే చతికిలపడింది. సంధి చేస్తే గణం పోతుంది, చేయకపోతే వ్యాకరణం పోతుంది. మధ్యలో ఒక హల్లు ఉండి తీరాలి. నా ఓటు న కే.

అరసున్న:
యడాగమం గారూ, చిన్నయసూరి బాలవ్యాకరణం వచ్చింది 1858లో. వేమన పద్యాలు బ్రౌన్ అచ్చువేయించింది 1829లో. సూరి పుట్టించిన సూత్రం పట్టుకుని వేమనకు బెత్తం చూపిస్తే ఎలా?

యడాగమం:
సూత్రం సూరి రాశాడు, సంధి సూరి పుట్టించలేదు. నన్నయ నాటి నుంచీ అందరూ చేస్తున్నదే. వేమన కూడా చేశాడు, అదీ ఈ పద్యంలోనే, రెండు పాదాల ముందు. జోరు + ఈగ = జోరీగ. మొదటి పాదంలో ఉకారాన్ని మింగినవాడు మూడో పాదంలో ఎందుకు ఉపవాసం ఉన్నాడు?

అరసున్న:
జోరీగ ఎప్పుడో అతుక్కుపోయిన మాట. దాన్ని ఎవరూ రెండుగా విడదీసి మళ్ళీ కలపరు. అసలు అందులో ఉన్నది జోరే అని ఎవరన్నారు? ఈగ చప్పుడును బట్టి పుట్టిన మాట కావచ్చు. అదీ ఊహే అనుకోండి. మీ సాక్ష్యం కూడా ఊహే కదా.

తాటాకు:
మీ ఇద్దరూ అచ్చు పుస్తకం కళ్ళతో చూస్తున్నారు. తాటాకు మీద మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు. పైగా మాట మొదటి ఇ, ఎ లను య తోనూ, ఒ ను వ తోనూ రాయడం పాత రాతలో మామూలు: యిల్లు, యెవరు, వొకటి. అలాంటి చేతిరాతలో ఇది "పోరుయింతింత" అయి ఉంటుంది. నోటితో గబగబా చదివి చూడండి, యకారం తనంతట తానే జారి వస్తుంది. న వాదం కన్నా య వాదం బలమైనది. యతికీ, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ ఉండాల్సిన మైత్రికీ భంగం లేదు, ఇం కీ యిం కీ మైత్రి ఉంది.

యడాగమం:
నా పేరు పెట్టుకున్న ఆగమాన్ని, రెండు అచ్చుల మధ్య య చేరడాన్ని, నాకే చెబుతున్నారు. "సంధి లేనిచోట" అన్న మాట ఉంది ఆ సూత్రంలో. ఉత్తు తర్వాత సంధి లేని చోటంటూ ఉండదు కనుక య రాదు. "మేలిమై యుండు" అన్నచోట వస్తుంది, ఐకారం కాబట్టి. పోరు తర్వాత వస్తే అది ఆగమం కాదు, ప్రతి రాసిన రాయసగాడి అలవాటు.

తాటాకు:
వేమన పద్యాలు మన దాకా మోసుకొచ్చింది ఆ రాయసగాళ్ళూ, వాళ్ళకన్నా ముందు నోళ్ళూ. అలవాటును తీసేస్తే మిగిలేదేమిటి?

ద్రుతం:
న కు దారి వేమనలోనే ఉంది. "ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు." చోటు కూడా అదే చూడండి: బేసి పాదం, మూడు సూర్యగణాలు అయిపోయాక నాలుగో గణం మొదలు, యతిస్థానం. అక్కడ ఉ కి నొ, ఇక్కడ ఇం కి నిం. కొలతకు కొలత సరిపోయింది. "పోరు నింతింత" అచ్చంగా అదే మూస.

అరసున్న:
మూస ఒకటే, న ఒకటి కాదు. అక్కడ ఉన్నది సముచ్చయం, అంటే ఒకదానితో ఒకటి చేర్చి చెప్పడం: ఉప్పును, కప్పురంబును. రెండు వస్తువులు ఉన్నాయి కనుక ను వచ్చింది, దాని ద్రుతం (చివరి నకారం) అచ్చుతో కలిసింది. పోరు ఒంటరి ప్రథమావిభక్తి. దానికి న ఎక్కడిది?

ద్రుతం:
ఒంటరి అని ఎవరన్నారు? రాయి, జోరీగ, నలుసు, ముల్లు, ఇంటిలోని పోరున్. ఐదోది కూడా వరుసలో చేరింది. సముచ్చయమే.

నలుసు:
ఒక్క నిమిషం. అలా అయితే అర్థమే మారిపోతుంది. అందరం చెప్పుకునేది: ఆ నాలుగూ బాధలే, ఇంటి పోరు మాత్రం ఇంతా అంతా కాదు, అని. సముచ్చయం పెడితే ఐదూ ఒకే పంక్తిలో కూర్చుంటాయి. ఇంటి పోరు చెప్పులో రాయితో సమానం అయిపోతుంది.

ద్రుతం:
అయితే ఏం? అదే సరైన అర్థం. పద్యంలో "కంటె" లేదు, "మించి" లేదు, "మేలు" లేదు. పోల్చి హెచ్చు చేసే మాట ఒక్కటీ లేదు. "ఇంటి పోరు అన్నిటికన్నా పెద్దది" అన్నది తాత్పర్యాలు రాసినవాళ్ళు కలిపిన ముక్క.

అరసున్న:
క్రియ చూడండి. కాదు అన్నాడు. ఐదు వస్తువులైతే కావు అనాలి. "కావయా" అన్నా రగణమే (గురువు, లఘువు, గురువు), "కాదయా" అన్నా రగణమే, ఛందస్సు ఏమీ అడ్డుపడదు. చేతిలో ఉన్న బహువచనాన్ని వదిలి ఏకవచనం వేశాడంటే కర్త ఒక్కటే, పోరు. న కి ఇక చోటు లేదు.

ద్రుతం:
"ఒక్క పోలికనుండు" అన్నచోట ఉప్పు, కప్పురం రెండు. క్రియ ఏకవచనమే కదా?

అరసున్న:
ఉండు అమహత్తులో, అంటే వస్తువుల విషయంలో, రెండు వచనాలకూ ఒకటే. అది ఉండు, అవి ఉండు. కాదు అలా కాదు. అది కాదు, అవి కావు. ఈ సాక్షి మీ వైపు పలకడు.

శార్దూలం:
ఇంతింత గురించి ఇంత మాట్లాడుతూ పోతనను తలవకపోవడం అన్యాయం. "ఇంతింతై వటుఁడింతయై మఱియుఁ దానింతై నభోవీధిపై." యతి ఎక్కడ పడిందో చూడండి. పదమూడో అక్షరం, నిం. ఇం కి నిం. మీరు కొట్టుకుంటున్న జంట అదే! వామనుడు ఆ అక్షరం మీద కాలు మోపి మరీ ఆకాశానికి ఎక్కాడు.

యడాగమం:
యతి కుదరదని ఎవరూ అనలేదు శార్దూలం గారూ. తాను ద్రుతాంతం, కనుక "తానింతై" పుట్టుకతోనే న ఉన్న మాట. పోరు అలాంటిది కాదు. దానికి న పుట్టుకతో ఉందా, పద్యం కోసం అరువు తెచ్చుకుందా అన్నదే గొడవ.

శార్దూలం:
ఆ సంగతి తెలిసే చెప్పాను. నేననేది వేరు. పోతనలో ఇంతింత పెరగడానికి గుర్తు. మబ్బులు, వెలుగుల రాశి, చంద్రుడు, ధ్రువుడు, మహర్లోకం, సత్యపదం, ఒక్కో మెట్టుకూ ఒక్కో "అంతై". పందొమ్మిది అక్షరాల పాదంలో ఆ "తై" మోత వింటుంటే అడుగు పడిన చప్పుడు వినిపిస్తుంది. రెండో పాదంలో "కల్లంతై" దగ్గర గొంతు ఎంత దూరం చాచాలో గమనించారా? ఆ "అల్లంత" లో ఉన్న దూరం మరే మాటలోనూ లేదు. వేమన ఇంతింత కూడా అదే ఆమ్రేడితం, ఒకే మాట రెండుసార్లు రావడం. ఇంటి పోరు మొదట చెప్పులో రాయంత, తర్వాత...

అరసున్న:
తర్వాత సత్యలోకం దాకానా? వేమన "ఇంతింత కాదు" అన్నాడు, "ఇంతింతై" అనలేదు. పోతనది పెరుగుదల, వేమనది కొలతకు అందకపోవడం. ఆ "కాదు" ను వదిలేసి భాగవతంలోకి వెళ్ళిపోతే తిరిగి రాలేం.

శార్దూలం:
భాగవతంలోకి వెళ్ళి తిరిగి రావాలని ఎవరికుంటుంది?

చిమటా:
నాదొక పక్కదారి ప్రశ్న. చెవిలోని జోరీగ అన్న మాట అసలు కుదురుతుందా? జోరీగ ఒళ్ళు ఒకటి నుంచి రెండున్నర సెంటీమీటర్ల దాకా ఉంటుంది. పెద్దవాళ్ళ చెవి గొట్టం పొడవే దాదాపు రెండున్నర సెంటీమీటర్లు, వెడల్పు ఒక సెంటీమీటరు కూడా ఉండదు. అది లోపల దూరదు, చుట్టూ తిరుగుతూ రొద పెడుతుంది. పైగా రక్తం తాగేది ఆడదే, మగది పువ్వుల తేనెతో సరిపెట్టుకుంటుంది. కాబట్టి ఆ "లోని" ని అక్షరాలా తీసుకోకూడదు. చెవిలో పోరుతోంది అన్నట్టు, చెవి దగ్గరి మోత అంతే. చీమో చిన్న పురుగో నిజంగానే దూరితే పిన్నీసు, అగ్గిపుల్ల పెట్టకండి. అది ఇంకా లోపలికి పోతుంది. ఆ చెవి పైకి వచ్చేలా తల వంచి గోరువెచ్చని నూనె రెండు మూడు చుక్కలు వేస్తే పురుగు ఊపిరాడక కదలడం మానేస్తుంది. కర్ణభేరికి చిల్లు ఉందని అనుమానం ఉన్నవాళ్ళు నూనె జోలికి పోకుండా నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

యడాగమం:
ఇది భాషా చర్చ. అయినా నూనె సంగతి పనికొచ్చేదే.

చిమటా:
భాషలోకే వస్తున్నాను. ఆ నాలుగింటికీ ఉమ్మడి లక్షణం నొప్పి కాదు, తిరిగి తిరిగి రావడం. రాయి అడుగు అడుగుకీ ఒరుసుకుంటుంది, నిలబడితే ఊరుకుంటుంది. జోరీగ ఒక చుట్టు వెళ్ళి మళ్ళీ వస్తుంది. నలుసు పై రెప్ప లోపల అతుక్కుని రెప్ప వేసినప్పుడల్లా గుడ్డును గీరుతుంది. అందుకే నలపవద్దంటారు. పై రెప్పను కింది వెంట్రుకల మీదికి లాగి వదిలినా, మంచినీళ్ళతో కడిగినా చాలాసార్లు వచ్చేస్తుంది. ముల్లు పాదం మోపినప్పుడల్లా గుర్తు చేస్తుంది. అది దిగిన వాలులోనే లాగాలి. అడ్డంగా లాగితే మొన లోపల విరిగిపోతుంది, నానబెడితే ఉబ్బి పొడి అవుతుంది. ఇవన్నీ రోజువారీ చికాకులు, ఒక్కటీ యుద్ధం కాదు. అలాంటప్పుడు ఐదోది "పోట్లాట" ఎలా అవుతుంది? ఇక్కడ పోరు అంటే పోరు పెట్టడం. సవతిపోరు, అత్తపోరు అన్న మాటల్లోని పోరు. లైటు ఆర్పలేదేం, తలుపు గడియ పెట్టలేదేం, టూత్‌పేస్టు మూత ఏది, తడి తువ్వాలు మంచం మీదేనా. ఎవరూ కత్తి దూయరు. ఆగదు, అంతే.

ద్రుతం:
బాగుంది. మరి "పోరు నష్టం, పొందు లాభం" లో? అక్కడ పోరు కలహమే.

చిమటా:
అక్కడ పక్కన పొందు ఉంది కాబట్టి కలహం. ఇక్కడ పక్కన నలుసు ఉంది. మాటకు అర్థం పక్కింటివాళ్ళే ఇస్తారు.

తాటాకు:
ఈ లెక్కన ద్రుతం గారి సముచ్చయమే గెలిచినట్టు కదా. ఐదూ ఒకే జాతి అని చిమటా గారు నిరూపించారు. "పోరున్" అని చేర్చవచ్చు.

అరసున్న:
జాతి ఒకటైతే న పుడుతుందా? కాదు కి జవాబు ఇంకా రాలేదు.

ద్రుతం:
"ఇంతింతని చెప్పడం కాదు" అని అన్వయించండి. అప్పుడు ఏకవచనమే వస్తుంది.

అరసున్న:
లేని "చెప్పడం" తెచ్చి లేని న ను నిలబెడుతున్నారు.

పిల్లకాకి:
పెద్దల మధ్య చిన్న సందేహం. మూడు చోట్ల "లోని" అని, చెప్పులోని, చెవిలోని, కంటిలోని, తీరా కాలి దగ్గరికి వచ్చేసరికి ఒట్టి "కాలిముల్లు" ఎందుకు? "కంటినలుసు కాలిలోని ముల్లు" అన్నా ఐదు సూర్యగణాలే వస్తున్నాయి, లెక్కపెట్టాను.

యడాగమం:
లెక్క సరే, యతి చూడలేదు. మీ పాదంలో నాలుగో గణం "లోని". కం కి లో తో ఏం మైత్రి? ప్రాసయతి పెట్టి రెండో అక్షరాలను కలుపుదామన్నా టి కి ని కుదరదు. ఉన్న పాఠంలో నాలుగో గణం "కాలి", కం కి కా. అందుకే లోని కంటి దగ్గరే ఉండిపోయింది. వరుస కూడా అంతే. జోరీగను ముందుకు తెచ్చి "చెవిలోని జోరీగ చెప్పులోని రాయి" అంటే మొదటి గణమే దొరకదు, చెవి రెండు లఘువులు, ఆ మీద గురువు. చెప్పు ముందు రావలసిందే.

పిల్లకాకి:
మరి "చెప్పులోని" నా, "చెప్పులోన" నా? రెండూ గలమే (హగణమే) కదా.

తాటాకు:
లోన అయితే "చెప్పులో రాయి ఉంది" అన్నట్టు వాక్యం ఊపు వస్తుంది. లోని అయితే నామం. నోళ్ళలో రెండూ తిరుగుతున్నాయి.

అరసున్న:
లోనియే. "ఇంటిలోని పోరు" ని కర్తగా పెట్టినవాడు మిగతావాటిని మాత్రం వాక్యం ముక్కలుగా ఎందుకు వదిలేస్తాడు?

ద్రుతం:
అంటే పోరు, ఆ నాలుగూ ఒకే వరుసలో ఉన్నాయని మీరే ఒప్పుకున్నారు!

అరసున్న:
రూపంలో ఒకే వరుస అన్నాను. కర్తలని అనలేదు.

శార్దూలం:
"అల్లంత" గురించి ఎవరూ ఏమీ అనలేదు.

నలుసు:
అయితే న ఉన్నట్టా, లేనట్టా?

యడాగమం:
ఉంది.

అరసున్న:
లేదు.

తాటాకు:
య.