సారా ఉద్యమం అప్పుడు హీరోలు, ఇప్పుడు ట్రాఫిక్ జామా?

కావలి_కుర్రోడు: 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్ళు సారా అమ్మకం ఆపాలని చేసిన ఉద్యమం గురించి పేపర్లు పేజీలు పేజీలు రాశాయని మా జేజి ఇప్పటికీ చెప్తా ఉంటది, మరి ఇప్పుడు ఆడోళ్ళు జీతాల కోసం రోడ్డెక్కితే టీవీలో ట్రాఫిక్ జామ్ అని స్క్రోలింగ్ ఏంది?

ఉదయగిరి_అక్క: మొగుడి తాగుడు మీద కొట్లాడితే 'తల్లులు' అని రాయడం సులువు తమ్ముడూ, ఆస్తిలో వాటా అడిగి చూడు. మా అమ్మ సారా అంగడి ముందర కూర్చుంటే ఫొటోలో చీపురే పడింది, రాత్రిబడిలో పలక పట్టుకోని సారా పాఠం మీద వాదించుకున్నది ఎవురూ అడగలా.

ఒంగోలు_బాబాయ్: పేపర్లని మరీ తీసెయ్యబాకమ్మా, ఆ రాతలతోనే గదా పక్క జిల్లాలకి పాకింది, 1993 అక్టోబర్‌లో సారా ఆగింది.

ఉదయగిరి_అక్క: ఆగింది బాబాయ్. 1995లో మొత్తం మందే ఆపారు, 1997లో ఆ నిషేధం ఎత్తేశారు. ఆరోజు మా అమ్మ దగ్గరికి ఒక్క విలేకరీ రాలా.