నల్లగొండ ఇడిచి హిమాచల్ కొండలకు పోవుడు: సోయున్న పనేనా?

చండూరు_చిన్నోడు:
అందరికీ నమస్తే. మూడు నెల్ల సంది ఇంట్ల నలుగుతున్న ముచ్చట. నాది సాఫ్ట్‌వేర్ పని. 2020ల కరోనా అప్పుడు హైదరాబాద్ నుంచి నల్లగొండకు వచ్చిన, అప్పట్సంది ఇంటికాడ్నించే. ఆఫీసుకు రమ్మని ఇంకా అంటలేరు. పెండ్లాం, నాలుగేండ్ల బిడ్డ. పోయిన అక్టోబర్ల హిమాచల్ల బీర్ అనే ఊరికి పోయి ఇరవై రోజులున్నం. కాంగ్‌డా జిల్లా, సుమారు 1,500 మీటర్ల ఎత్తు. పైన బిల్లింగ్ కాడ్నించి పారాగ్లైడింగ్ చేస్తరు, 2015ల వరల్డ్ కప్ గూడ అక్కడ్నే అయింది. టిబెట్ వాళ్ల కాలనీ, మఠాలు, చాయ్ తోటలు. ఇరవై రోజుల్ల ఒక్కసారి ఫ్యాన్ ఎయ్యలె. ఇక్కడ మే నెలల 45 దాటినంక పిల్ల పగటిపూట గడప దాటది. నెట్ మంచిగున్నది. రెండు రూముల ఇల్లు కిరాయికి మాట్లాడిన, మార్చిల పోదామని. పోయొచ్చినోళ్లు ఎవరన్నా ఉంటే మంచి చెడ్డ చెప్పుండ్రి.

వేడి_ఉప్మా:
ముందుగాల ఫోటోలు పెట్టన్నా.

బత్తాయి_తోట:
ఒక్కటే మాట. భూమి కొనలేవు. హిమాచల్ల 1972 కౌలుదారీ, భూసంస్కరణల చట్టం ఉన్నది, అండ్ల 118 సెక్షన్. రైతు కానోనికి సర్కారు పర్మిషన్ లేకుంట భూమి రాసియ్యొద్దు. రైతంటే ఎవరు? హిమాచల్ల భూమి ఉండి సొంతంగ దున్నుకునేటోడు. నాకు ఇక్కడ పదకొండెకరాలున్నది, అండ్ల ఆరెకరాలు బత్తాయి. నేను అక్కడికి పోతే రైతునే కాదు. ముప్పయ్యేండ్ల సంది ఎవుసం చేస్తున్న, పాస్‌బుక్ చూపెట్టినా లెక్కలకు రాదు. మనల్ని మనిషి లెక్క జూడని జాగల ఏం బతుకుతవ్?

చండూరు_చిన్నోడు:
అన్నా, భూమి కొంటనని నేనెక్కడ రాసిన? కిరాయికి పోతున్న.

బత్తాయి_తోట:
ఆ సెక్షన్ల అమ్మకమొక్కటే లేదు. దానం, మార్పిడి, లీజు గూడ అండ్లకే వస్తయ్. సదువుకో.

డిండి_కాల్వ:
అది భూమి లీజు, అన్నా. రెండు రూములు కిరాయికి తీస్కునుడు ఏరే. అట్లయితే సిమ్లాల చదువుకునే పిల్లలు, బ్యాంకు ఉద్యోగులు అందరు రోడ్డు మీద పండుకోవాలె. అయినా ఆ చట్టం పెట్టింది మనల్ని తక్కువ జేసుటానికి కాదు. మైదానపోళ్లు పైసలు పట్టుకొచ్చి కొండలన్ని కొనుక్కుపోతరని. హైదరాబాద్ సుట్టు పక్కల మనూర్లకు గసోంటి చట్టముంటే ఎంత భూమి మిగిలేదో ఆలోచించు.

బత్తాయి_తోట:
నేను అడిగిందేంది, నువ్వు చెప్పేదేంది. రైతును రైతు కాదనుడు కరెక్టా కాదా?

హుజూర్‌నగర్_అక్క:
118 పక్కకు పెట్టుండ్రి. నేను పాలంపూర్ల పద్నాలుగు నెలలున్న, బీర్‌కు దగ్గర్నే. చిన్నోడా, నువ్వు అక్టోబర్ల పోయినవ్. అక్టోబర్ల అందరికీ స్వర్గమే కనవడ్తది. జులై, ఆగస్టుల ఉండి సూడు. బట్టలు ఆరయ్. చెప్పులకు, తోలు బెల్టుకు, పుస్తకాల అట్టలకు బూజు. పప్పు డబ్బా తెరిస్తే ముక్కిన వాసన. జనవరిల పొద్దుగాల నల్లా నీళ్లల్ల చెయ్యి పెడ్తే వేళ్లు నావి కావనిపించేది. గీజర్ నడుస్తుంటే హీటర్ ఎయ్యొద్దు, ఎస్తే మొత్తం పోతది. పిల్లకు రాత్రి జ్వరం వస్తే టాక్సీ డ్రైవర్ను నిద్రల్నించి లేపాలె. పెద్ద దవాఖానంటే టాండా మెడికల్ కాలేజ్, అక్కడ కాదంటే చండీగఢ్ పీజీఐకి రాస్తరు. ఆ ఘాట్ రోడ్ల మీద నా బిడ్డ ఎన్నిసార్లు కక్కుకుందో లెక్క లేదు.
అయినా ఒకటి చెప్త. పొద్దుగాల లేచి దౌళాధార్ కొండల మీద మంచు చూస్కుంట చాయ్ తాగుడు... ఇప్పటికీ కలల్ల వస్తది. మావారి కంపెనీ వెనక్కి రమ్మన్నది, లేకుంటే వచ్చెటోళ్లం కాదు. బియ్యం మాత్రం ఇక్కడ్నించే తీస్కపో. అక్కడి బాస్మతితోని పప్పుచారు కలుస్తలేదు.

వేడి_ఉప్మా:
చింతపండు గూడ అక్కా.

నల్లమల_అంచు:
కొండలే కావాల్నంటే రెండు వేల కిలోమీటర్లు ఎందుకు? అమ్రాబాద్ పీఠభూమి లేదా? మన్ననూరు దాటినంక గాలే మారుతది, ఫర్హాబాద్ కాడ నిలవడితే లోయ మొత్తం కనవడ్తది.

డిండి_కాల్వ:
అన్నా, అది టైగర్ రిజర్వ్. రాత్రయిందంటే చెక్‌పోస్టు గేటు పడ్తది. ఏజెన్సీ ఊర్లల్ల గిరిజనులు కానోళ్లు భూమి కొనొద్దనే 1/70 చట్టం. మళ్ల ఎవరన్నా "రైతును రైతు కాదంటరా" అని మొదలువెడ్తరు.

బత్తాయి_తోట:
వెటకారం నాకు గూడ వస్తది.

పిల్లలమర్రి_నీడ:
పొద్దటి సంది సదువుతున్న. ఒక్క సంగతి ఎవ్వరు అంటలేరు. మీరు కొండెక్కుతున్నరు, కొండోళ్లేమో కిందికి దిగుతున్నరు. ఉత్తరాఖండ్ల పౌడీ, అల్మోడా జిల్లాల్ల 2001తోని పోలిస్తే 2011కు జనాభా తగ్గింది. పెరుగుడు తక్కువైంది కాదు, తగ్గింది. 2017ల అక్కడి సర్కారు వలసల మీదనే ఒక కమిషన్ పెట్టాల్సొచ్చింది. తాళాలేసిన ఇండ్లు, గడ్డి మొలిచిన మెట్ల పొలాలు. ఆ పోరగాండ్లే ఢిల్లీల, హైదరాబాద్ల హోటల్లల్ల ప్లేట్లు కడుగుతున్నరు. గాలి మంచిగుంటే కడుపు నిండదు.
నాది మక్తల్ దిక్కు. మా నాయిన గుంపు మేస్త్రి కాడ అడ్వాన్సు తీస్కొని బొంబాయికి మట్టిపనికి పోయెటోడు. ఊర్ల సగం ఇండ్లల్ల ముసలోళ్లు, పోరగాండ్లే. డ్యాములు కట్టిన చేతులు అవి, పాలమూరు లేబర్ అన్నరు గని ఇంకో పేరు పెట్టలె. ఆయన పోతే వలస. నువ్వు పోతే మంచి బతుకు!

చండూరు_చిన్నోడు:
అన్నా, మీ నాయినను నేనేమన్న అన్ననా? నేను కష్టపడి సదువుకున్న, ఆ పని ఎక్కడ్నించైనా అయితది. అది గూడ తప్పేనా? మళ్ల నీళ్ల సంగతి గూడ చెప్త. మా తాతది మర్రిగూడ దిక్కు ఊరు. బోరు నీళ్లు తాగి నడుము వంగింది, ఒంగినోడు ఒంగినట్టే సచ్చిండు. పటిక, సున్నం ఏసి ఫ్లోరైడ్ తీసే పద్ధతి నాగపూర్ నీరి సంస్థోళ్లు కనిపెట్టిండ్రు, దానికి నల్లగొండ టెక్నిక్ అని పేరు. ప్రపంచంల మా జిల్లాకు వచ్చిన పేరు గది! నా బిడ్డ నీళ్ల కోసం భయపడకుంట పెరగాలె.

డిండి_కాల్వ:
ఇప్పుడు భగీరథ నీళ్లు వస్తున్నయ్ గదా తమ్మీ. నీళ్ల కోసమే కొండలకు పోతున్నవంటే సిమ్లాల 2018 ఎండకాలం యాది చేస్కో. నీళ్లు లేక హోటల్లు బుకింగులు బంద్ వెట్టినయ్. 2023 జులైల బియాస్ నది మనాలి రోడ్డును ఎక్కడికక్కడ కోసుకపోయింది. 1905ల కాంగ్‌డా భూకంపం సంగతి ఇగ చెప్ప.

బత్తాయి_తోట:
అన్ని మాట్లాడిండ్రు. నేనొకటి అడుగుత. చిన్నోడా, మీ అమ్మ నాయిన యాడుంటరు?

చండూరు_చిన్నోడు:
ఊర్లనే. ఆరోగ్యం బానే ఉన్నది.

బత్తాయి_తోట:
ఆరోగ్యం అడగలె. నువ్వు పోతే ఎవరు చూస్తరని అడిగిన.

చండూరు_చిన్నోడు:
మీకెందుకన్నా? నేను అడిగింది ఊరి గురించి, మా ఇంటి పంచాయితి పెట్టలె. మీరు 118 అన్నరు, అది తప్పని తేలింది. ఇప్పుడు అమ్మానాయిన మీద పడ్డరు. మీకు ఎవడన్నా ఊరిడుస్తున్నడంటే ఓర్వబుద్ధి కాదు, గంతే.

బత్తాయి_తోట:
అవును ఓర్వబుద్ధి కాదు. మా తమ్ముడు 2009ల పోయిండు. కొండలు కాదు, ఇంకా దూరం. మా అమ్మ మంచాన పడ్డది రెండేండ్లు. పక్క మార్చేది నేను, నా పెండ్లాం. వాడు ఆదివారం ఆదివారం ఫోన్ల కనవడెటోడు, "అమ్మా నవ్వు" అనెటోడు. ఆమె నవ్వేది. ఫోను పెట్టేసినంక నా దిక్కు చూసి "వాడు చిక్కిండురా" అనేది. నేను ఎదురుంగనే ఉన్న గద! నేను చిక్కింది ఆమెకు కనవడలె.

పిల్లలమర్రి_నీడ:
బాధ అర్థమైతది అన్నా. కని తమ్ముని వాటా భూమి ఎవరు దున్నుతున్నరు?

బత్తాయి_తోట:
నేనే. పదకొండుల నాలుగెకరాలు వానివి. పంట పైసలు అడగడు, నేను ఇయ్య. రాసుకో పో, ఇది గూడ ఒక సెక్షన్.

హుజూర్‌నగర్_అక్క:
ఆపుండ్రి ఇద్దరు.

వేడి_ఉప్మా:
నేను ఫోటోల కోసం వచ్చిన...

చండూరు_చిన్నోడు:
నిన్న రాత్రి కోపంల రాసిన. పెద్దోళ్లు, ఏమనుకోకుండ్రి.
అసలు సంగతి ఇది. నాయినకు మోకాళ్లు. బీర్ల ఇంటి కాడ్నించి రోడ్డుకు నలభై మెట్లున్నయ్, నేనే లెక్కవెట్టిన. ఆయన రాడు, ఆయన్ని ఇడిచి అమ్మ రాదు. నేను ఒక్కన్నే కొడుకును. సంక్రాంతి నాడు మాట తీసిన. ఆయన చిలుక్కొయ్యకున్న తువ్వాల తీస్కుంట "పో" అన్నడు. అన్ని ఇడమరిచి చెప్పే మనిషి, ఒక్క ముక్క అని బయటికి పోయిండు. పొమ్మన్నడో, పోతే పో అన్నడో నాకు సమజైతలేదు. మళ్ల అడుగుదామంటే ధైర్యం చాలుతలేదు. అందుకే ఇక్కడ అడిగిన. ఊరి మంచి చెడ్డలు అన్ని నాకు ఎరికే.

డిండి_కాల్వ:
గిది మొదలే రాస్తే అయిపోవు గదా తమ్మీ.

బత్తాయి_తోట:
ఇంటాయన పదకొండు నెలల కాగితం రాసిస్తనంటడు, దానికి రిజిస్ట్రేషన్ ఉండదు. అడ్వాన్స్ రెండు నెలలకు మించి కట్టకు. కట్టినదానికి రశీదు తీస్కో. మెట్లు తక్కువున్న ఇల్లు ఇంకోటి ఉన్నదేమో ఒకసారి అడిగి సూడు.