పాత ఫోర్‌ట్రాన్ కోడ్: ఫ్లాగ్ పెట్టి దాటేయాలా, కోడే దిద్దాలా?

సాగరమోడల్:
మా ల్యాబ్ సర్వర్‌ని ఉబుంటు 20.04 నుంచి 22.04కి మార్చారు. ఫోర్‌ట్రాన్ కంపైలర్ జీఎఫ్‌ఫోర్‌ట్రాన్ 9 పోయి 11 వచ్చింది. అంతే, నిన్నటిదాకా శుభ్రంగా బిల్డ్ అయిన అలల మోడల్ ఎంపీఐ_బీకాస్ట్ (ఒక ప్రాసెస్ డేటాని మిగతావాటికి పంచే ఎంపీఐ లైబ్రరీ కాల్) దగ్గర 'టైప్ మిస్‌మ్యాచ్' అని ఆగిపోతోంది. ఒక కాల్‌లో ఇంటీజర్, ఇంకో కాల్‌లో రియల్ పంపుతున్నానట. ఆ ఎర్రర్‌ని వార్నింగ్‌గా తగ్గించే అలో-ఆర్గ్యుమెంట్-మిస్‌మ్యాచ్ ఫ్లాగ్ పెడితే బిల్డ్ అవుతోంది. అలా వదిలేయొచ్చా? థీసిస్‌కి రెండు నెలలే ఉంది.

పాతకాపు:
నిస్సంకోచంగా పెట్టు తమ్ముడూ. నీ కోడ్ నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది. 2020లో వచ్చిన జీసీసీ (జీఎఫ్‌ఫోర్‌ట్రాన్ ఉండే కంపైలర్ల కట్ట) 10 నుంచి కంపైలర్ కచ్చితం పెంచింది, అంతే. బ్రాడ్‌కాస్ట్‌కి ఏ టైపు బఫరైనా ఇస్తాం, దాని పనే అది. ఎంపీఐఎఫ్ డాట్ హెచ్ అనే పాత హెడర్ ఫైల్లో దానికి ఇంటర్‌ఫేస్, అంటే ఏ టైపులు ఇవ్వొచ్చో చెప్పే వివరణ, లేదు కాబట్టి, ఒకే ఫైల్‌లోని రెండు కాల్స్‌ని పక్కపక్కన పెట్టి పోల్చి తప్పంటోంది. పాత నెట్‌సీడీఎఫ్-ఫోర్‌ట్రాన్, పాత ఎంపీఐసీహెచ్ లైబ్రరీలు కూడా ఈ ఫ్లాగ్‌తోనే బిల్డ్ చేసుకున్నాం. నడుస్తున్న కోడ్‌ని కెలికితే కొత్త తప్పులొస్తాయి.

గోదారిగట్టు:
ఇక్కడ మాత్రం ఒప్పుకోను అన్నా. నేనూ అదే ఫ్లాగ్‌తో ఆరు నెలలు తిరిగాను, పైగా గోల లేకుండా వార్నింగులన్నీ మూసేసే -డబ్ల్యూ కూడా తగిలించి. మా సబ్‌రొటీన్ 8 బైట్ల రియల్ అడుగుతుంది. రెండు చోట్ల సరిగ్గానే పంపారు, మూడో చోట 4 బైట్ల వేరియబుల్ పంపారు. అది పక్కనున్న నాలుగు బైట్లూ కలిపి చదివింది. అక్కడ సున్నాలున్నాయి, దాంతో 0.25 అనుకున్న నేల తేమ గుణకం దాదాపు సున్నాగా చేరింది. ప్రోగ్రాం క్రాష్ కాలేదు. ఫలితాలు నమ్మేలాగే ఉన్నాయి. అదే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది.

పాతకాపు:
అది వార్నింగులు మూసేసిన తప్పు, ఫ్లాగ్‌ది కాదు. అంత భయమైతే జీఎఫ్‌ఫోర్‌ట్రాన్ 9 పక్కనే ఇన్‌స్టాల్ చేసుకుని థీసిస్ అయ్యేదాకా దాంతోనే నడపమను.

నల్లతెర:
పాతకాపు గారూ, వార్నింగ్ చదివినా చాలదండీ. ఒక్కో ఆర్గ్యుమెంట్‌కి ఒకసారే చెబుతుందని జీఎఫ్‌ఫోర్‌ట్రాన్ మాన్యువల్లోనే ఉంది. మొదటిది హానిలేనిదైతే దాని వెనక అసలుది దాక్కుంటుంది. ఇక ఇన్నాళ్లూ నడిచిందిగా అంటే, లాప్యాక్ అనే లీనియర్ ఆల్జీబ్రా లైబ్రరీ సంగతి చూడండి. సీ భాష నుంచి దాన్ని పిలిచేటప్పుడు క్యారెక్టర్ ఆర్గ్యుమెంట్ పొడవు కూడా చివర్లో పంపాలి. చాలామంది పంపలేదు, దశాబ్దాలపాటు నడిచింది. 2019లో జీఎఫ్‌ఫోర్‌ట్రాన్ టెయిల్ కాల్స్‌ని (రొటీన్ చివర్లో చేసే కాల్స్‌ని) ఆప్టిమైజ్ చేసేసరికి స్టాక్ చెడిపోయి ఆర్ భాష ప్యాకేజీలు కూలాయి. చివరికి జీసీసీ వాళ్లు టెయిల్-కాల్-వర్కరౌండ్ అని ఒక ఫ్లాగే చేర్చాల్సి వచ్చింది. పాత కంపైలర్ పట్టుకు కూర్చుంటే ఇలాంటి తప్పు కోడ్‌లో అలాగే నిద్రపోతుంది.

సాగరమోడల్, మీరు వాడే ఎంపీఐ లైబ్రరీ ఓపెన్ ఎంపీఐ అయితే ఆ పాత హెడర్ ఇంక్లూడ్ లైను తీసేసి, ఇంటర్‌ఫేస్‌లున్న 'యూజ్ ఎంపీఐ' పెట్టండి. ఒక్కటే జాగ్రత్త: ఇంక్లూడ్ 'ఇంప్లిసిట్ నన్' కింద ఉంటుంది, యూజ్ దానికి పైన ఉండాలి. ఎలాగూ ఎంపీఐ ప్రమాణం 4.1లో ఆ పాత హెడర్‌ని వదిలించుకోమనే అన్నారు.

సాగరమోడల్:
చేశానండీ, ఒక సాయంత్రం పట్టింది. బీకాస్ట్ ఎర్రర్లన్నీ పోయాయి. కానీ కొత్తది ఒకటి బయటపడింది. రీస్టార్ట్ భాగంలో (ఆగిన రన్‌ని మళ్లీ కొనసాగించే చోట) ఒక ఎంపీఐ కాల్‌కి చివరి ఐఎర్రర్ (ఎర్రర్ కోడ్ తిరిగిచ్చే) ఆర్గ్యుమెంటే లేదు! పాత హెడర్‌తో ఏ కంపైలరూ దాన్ని పట్టలేదు. దిద్దాను. ఇక మిగిలింది ఒక పాత ఎఫ్ఎఫ్‌టీ (ఫూరియర్ ట్రాన్స్‌ఫార్మ్) ఫైలు, కాంప్లెక్స్ అర్రేని రియల్ అడిగే చోటికి పంపుతుంది. బిల్డ్ సూచనలుండే మేక్‌ఫైల్లో ఆ ఒక్క ఫైలుకే ఫ్లాగ్ పెట్టాను, -డబ్ల్యూ లేకుండా.

గోదారిగట్టు:
దాన్నీ దిద్దు. ఇప్పుడు వదిలేస్తే ఇంకెప్పుడూ ముట్టుకోవు.

పాతకాపు:
ఆ ఫైలు తర్వాత. ఆ ఐఎర్రర్ విషయం నేనూ ఊహించలేదు తమ్ముడూ. ముందు పాత బైనరీతో ఒకటి, కొత్తదాంతో ఒకటి రీస్టార్ట్ రన్ చేసి, అలల ఎత్తు ఫైళ్లు పోల్చి ఇక్కడ పెట్టు.