‘గెట్’, ‘హ్యావ్’: పని చేయించడంలో తేడా చెప్పగలరా?

మూడు వారాలుగా ఇంగ్లిష్ క్రియ ‘గెట్’ మీద కూర్చున్నాను. ‘ఇట్స్ గెటింగ్ డార్క్’ అంటే చీకటి పడుతోందని, ‘ఐ డోంట్ గెట్ ఇట్’ అంటే అర్థం కాలేదని ఇప్పుడు తడుముకోకుండా తెలిసిపోతోంది. ఆగిపోతున్నది ఒక్కచోటే, ఎవరిచేతనైనా పని చేయించే దగ్గర.

‘ఐ గాట్ హిమ్ టు ఫిక్స్ ఇట్’, ‘ఐ హ్యాడ్ హిమ్ ఫిక్స్ ఇట్’. తెలుగులో రెండింటికీ ‘అతనిచేత బాగు చేయించాను’ అనే వస్తోంది. మొదటిదాంట్లో ‘టు’ ఉండాలి, రెండోదాంట్లో ఉండకూడదు. అది కంఠతా వచ్చేసింది. గెట్ అంటే నచ్చజెప్పి చేయించడం, హ్యావ్ అంటే పని అప్పగించి చేయించడం అని డిక్షనరీ చూసి రాసుకున్నాను. ‘ఐ గాట్ ది విండో టు ఓపెన్’ కూడా దీనికి సరిపోయింది. కిటికీకి నచ్చజెప్పలేం కానీ, బిగుసుకుపోయినదాన్ని కష్టపడి తెరిచామన్న భావం ఉంది కదా.

ఆ సూత్రంతో 20 వాక్యాల అభ్యాసం చేస్తే 7 తప్పులు వచ్చాయి. అన్నీ ‘ఐ గాట్ మై హెయిర్ కట్’, ‘ఐ హ్యాడ్ మై హెయిర్ కట్’ లాంటివే. ఎవరు చేశారో చెప్పని వాక్యాలు. పైగా ‘ఐ గాట్ మై ఫింగర్ కాట్ ఇన్ ది డోర్’ అంటే తలుపులో వేలు నలిగిందని. అక్కడ చేయించడమే లేదు! మళ్లీ రెండుసార్లు రాసినా అక్కడే తప్పుతున్నాను, టెన్షన్‌గా ఉంది.

చేసిన మనిషిని చెప్పని ఇలాంటి వాక్యాల్లో గెట్‌కీ హ్యావ్‌కీ అర్థంలో తేడా ఉంటుందా, ఉంటే దాన్ని ఎలా గుర్తుపట్టాలి?