రాతిపువ్వు నిజంగ యాంటీబయాటికేనా? తెలిసినోళ్లు చెప్పండి

అచ్చంపేట పిల్ల:
మా దిక్కు గుట్టల మీద బండలకు, చెట్ల బెరడుకు బూడిద రంగుల, లేత పచ్చగ అంటుకొని ఉండేటివి లైకెన్లని డిగ్రీల చదువుకున్న. బిర్యానీల వేసే రాతిపువ్వు గూడ లైకెనే. మా పెద్దమ్మ దాన్ని నూరి పుండ్లకు పెడుతది. ఇప్పుడేమో దాని కషాయం తాగితే టీబీ పోతదని వాట్సాప్‌ల తిప్పుతున్నరు. ఇండ్ల నిజమెంత?

నల్లగొండ మైక్రోబయాలజీ:
మా కాలేజీ ల్యాబుల పిల్లలతోటి చేయించిన. కిరాణా కొట్టుల కొన్న రాతిపువ్వును పొడి కొట్టి, సగం అసిటోన్ అనే ద్రావకంల, సగం నీళ్లల నానబెట్టినం. వడకట్టిన రసంల కాగితం బిళ్లలు ముంచి ఆరబెట్టి, బ్యాక్టీరియా పెంచే అగర్ ప్లేట్ల మీద పెట్టినం. తెల్లారి చూస్తే అసిటోన్ రసం బిళ్ల చుట్టూ స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా పెరగకుండ ఖాళీ వలయం ఉంది. నీళ్ల రసానికి ఏం లేదు. ఈ-కోలై (E. coli) అనే ఇంకో బ్యాక్టీరియా మీద రెండూ పని చేయలే.

ఇండ్ల రెండు సంగతులున్నయి. లైకెన్‌ల ఉండే, బ్యాక్టీరియాను ఆపే ఆమ్లాలు నీళ్లల సరిగ్గ కరగవు, అందుకే కషాయంలకు వచ్చేది చాల తక్కువ. ఈ-కోలై లాంటి, గ్రామ్ నెగెటివ్ అనే రకం బ్యాక్టీరియాకు బయట ఇంకో పొర ఉంటది, అది దాటి లోపలికి పోవుడు కష్టం. ఈ ప్రయోగం చేసేటోళ్లు ఉత్త అసిటోన్‌ల ముంచి ఆరబెట్టిన బిళ్ల గూడ పక్కన పెట్టాలె. లేకుంటే పనిచేసింది రాతిపువ్వో అసిటోనో తేలదు. ఇంట్ల మాత్రం బ్యాక్టీరియా పెంచొద్దు తమ్ముళ్లూ.

వనపర్తి ఫార్మసీ:
సార్ చెప్పింది కరెక్టు. లైకెన్ అంటే ఒక ఫంగస్, దానితోటి కలిసి బతికే ఆల్గే (నాచు) లేదా సయనోబ్యాక్టీరియా (ఎండతోటి తిండి చేసుకునే బ్యాక్టీరియా). నెమ్మదిగ పెరిగే ఈ జీవి ఎండకు, తినే పురుగులకు, పోటీకొచ్చే సూక్ష్మజీవులకు తట్టుకునేందుకు రకరకాల రసాయనాలు తయారు చేసుకుంటది. అండ్ల పేరున్నది అస్నిక్ ఆమ్లం, పసుపు రంగుల ఉంటది. 1844లనే దాన్ని వేరు చేసిన్రు. 1944ల బర్క్‌హోల్డర్ బృందం అమెరికాల 42 రకాల లైకెన్లు పరీక్షిస్తే 27 రకాలు బ్యాక్టీరియాను అడ్డుకున్నయి. టీబీ క్రిమిని గూడ అస్నిక్ ఆమ్లం ల్యాబుల ఆపుతది, వాట్సాప్ కథ ఇక్కడినుంచే పుట్టినట్టుంది.

కానీ అస్నిక్ ఆమ్లం ఎక్కువ దొరికేది అస్నియా అనే, చెట్లకు గడ్డం లెక్క వేలాడే లైకెన్‌ల. మన రాతిపువ్వు వేరే జాతి, అండ్ల అట్రనోరిన్ లాంటి వేరే రసాయనాలు ఉంటయి. పైగా అస్నిక్ ఆమ్లం కాలేయానికి చేటు. అది కలిసిన లిపోకైనెటిక్స్ అనే బరువు తగ్గే మాత్రలతోటి కాలేయం దెబ్బతిన్నదని 2001ల అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ప్లేటుల క్రిమిని చంపిన ప్రతిదీ ఒంట్ల మందు కాదు. టీబీకి సర్కారు దవాఖానల మందులు ఉచితం, మామూలు టీబీకి కనీసం 6 నెలలు వాడాలె. కషాయం నమ్మి మధ్యల ఆపితే క్రిమి మందులకు లొంగకుండ మొండికేస్తది. దయచేసి ఆ మెసేజ్ ఫార్వర్డ్ చేయకున్రి.

దేవరకొండ రైతు:
మరి బిర్యానీల తింటే ఏమన్న అయితదా అక్కా?

వనపర్తి ఫార్మసీ:
వాసనకు చిటికెడు వేస్తం గదా, ఎన్నో తరాలుగ తింటున్నరు, దానికి భయం లేదు. గిన్నెలకొద్ది మరగబెట్టి తాగుడు వేరే సంగతి.

మన్ననూరు దారి:
ఒక మాట. ప్రాజెక్టు కోసమని అమ్రాబాద్ అడవిల, కోటల మీద బండలు గీకకున్రి. చాల రకాలు ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతయి, అరచేతంత మచ్చ గీకితే మళ్లా రావడానికి ఏండ్లు పడ్తది. రోడ్డు పక్క లైకెన్లు గాలిల సీసం లాంటి లోహాలను పీల్చుకుంటయి, అవి తినేందుకు అసలే పనికిరావు.

అచ్చంపేట పిల్ల:
అక్కా, పెద్దమ్మ పుండుకు పెట్టేది?

వనపర్తి ఫార్మసీ:
వద్దు చెల్లే. కొట్టుల పొడిల మట్టి, బూజు గింజలు ఉంటయి, తెరిచిన పుండుల అవి చేరితే చీము ఎక్కువైతది. పెద్దమ్మకు షుగర్ ఉంటే ఇంకా జాగ్రత్త. సబ్బు నీళ్లతోటి కడిగి, పరిశుభ్రమైన బట్ట కట్టి, ఎరుపు పాకుతున్నా జ్వరం వచ్చినా ఆ రోజే డాక్టర్‌కు చూపించు.