రెండు పక్కలా అదే పబ్లిక్ రేంజ్ ఇస్తే పీఎఫ్‌సెన్స్ ఫైర్‌వాల్ ఒప్పుకోవడం లేదు

ఒంగోలు_లాన్:
చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీకి నెట్‌వర్క్ పని చూస్తున్నా. లీజ్డ్ లైన్ మీద స్లాష్ 29 (8 ఐపీల బ్లాక్, వాడుకోగలిగేవి 6) ఇచ్చారు, గేట్‌వే పోను 5 ఐపీలు మిగిలాయి. మెయిల్, వెబ్, ట్యాలీ ఉన్న విండోస్, మూడింటికీ నేరుగా పబ్లిక్ ఐపీలే పెట్టి స్విచ్‌లో గుచ్చేశారు, మధ్యలో ఏ అడ్డూ లేదు. పాత పీసీకి ఇంకో లాన్ కార్డు వేసి పీఎఫ్‌సెన్స్ ఎక్కించా. వ్యాన్‌కీ (బయటి ఇంటర్నెట్ పక్క) లాన్‌కీ (లోపలి పక్క) అదే రేంజ్ ఇస్తుంటే తీసుకోవడం లేదు. ఏం చేయాలి? ఆడిటర్ ఒంగోలు నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌లో ట్యాలీ చూస్తుంటాడు, అది ఆగితే ఓనరు నన్ను బతకనివ్వడు.

కావలి_కుర్రోడు:
తీసుకోదు బ్రో. రెండు పక్కలా ఒకే సబ్‌నెట్ (ఐపీ రేంజ్) ఉంటే ప్యాకెట్ ఎటు పంపాలో దానికేం తెలుస్తుంది? 1:1 నాట్ చెయ్, అంటే ఒక్కో పబ్లిక్ ఐపీకి ఒక్కో లోపలి ఐపీని జత కట్టు. వ్యాన్‌కి ఒక ఐపీ ఇచ్చి, సర్వర్ల మూడు ఐపీలనీ ఫైర్‌వాల్ మీదే వర్చువల్ (అదనపు) ఐపీలుగా పెట్టి, సర్వర్లకి 192.168 రేంజ్ ఇవ్వు. బయటికి వెళ్లేటప్పుడు కూడా ఎవరి పబ్లిక్ ఐపీ వాళ్లకే ఉంటుంది కాబట్టి మెయిల్ ఎస్‌పీఎఫ్ (మన మెయిల్ ఏ ఐపీ నుంచి రావచ్చో చెప్పే రికార్డు) చెడదు. రూల్‌లో డెస్టినేషన్ మాత్రం లోపలి ఐపీ రాయాలి, ఎందుకంటే నాట్ అయ్యాకే రూల్ చూస్తుంది. చాలామంది ఇక్కడ పబ్లిక్ ఐపీ రాసి, పోర్ట్ తెరుచుకోవట్లేదని తల పట్టుకుంటారు.

నెల్లూరు_రూటర్:
అంత తిప్పలెందుకు? బ్రిడ్జ్ చేస్తే (రెండు కార్డులనీ ఒకే నెట్‌వర్క్‌గా కలిపి మధ్యలో ఫిల్టర్ చేయడం) సర్వర్లలో ఏమీ ముట్టుకోనక్కర్లేదు. కాకపోతే మేనేజ్‌మెంట్‌కి మూడో కార్డు ఉంటే మేలు, లేకపోతే ఏదో ఒక రూల్ తప్పు రాసి మీరే బయట నిలబడతారు.

కావలి_కుర్రోడు:
బ్రిడ్జ్ బాగానే ఉంటుంది అన్నా, కానీ రేపు ఐఎస్‌పీ మారిస్తే ప్రతి సర్వర్‌లో ఐపీ మార్చుకోవాలి.

గూడూరు_అడ్మిన్:
బ్రిడ్జో నాటో ఏదైనా పెట్టుకోండి గానీ, రిమోట్ డెస్క్‌టాప్ 3389 పోర్టు లోకమంతటికీ తెరిచి ఉంచడం ఏంది సామీ! పాస్‌వర్డ్‌లు గుద్దే బాట్‌లు రోజంతా దాని మీదే ఉంటాయి. ఆడిటర్‌కి వైర్‌గార్డ్ వీపీఎన్ ఇచ్చి ఆ పోర్టు మూసెయ్యండి. వెబ్‌కి 80, 443, మెయిల్‌కి 25, 587, 993 చాలు. ఇంకోటి, ఐపీలు ఫైర్‌వాల్ మీదికి మార్చాక కొన్ని పలక్కపోతే కంగారు పడొద్దు. ఐఎస్‌పీ రూటర్ పాత సర్వర్ కార్డు మ్యాక్ అడ్రస్‌నే గుర్తుపెట్టుకుని ఉంటుంది, సిస్కోలో డిఫాల్ట్‌గా 4 గంటలు. ఫోన్ చేసి ఆర్ప్ (ఏ ఐపీ ఏ మ్యాక్‌దో చెప్పే జాబితా) క్లియర్ చేయించండి.

ఒంగోలు_లాన్:
సరే, నాట్‌కే పోతా. ఆఫీసులో ఉన్నవాళ్లు కూడా మెయిల్ సర్వర్‌ని డొమైన్ పేరుతోనే తెరుస్తారు, లోపల్నుంచి పబ్లిక్ ఐపీకి వెళ్లి మళ్లీ లోపలికి వస్తుందా?

కావలి_కుర్రోడు:
అలా తిప్పొద్దు. పీఎఫ్‌సెన్స్ డీఎన్ఎస్ రిజాల్వర్‌లో హోస్ట్ ఓవర్‌రైడ్ పెట్టి ఆ పేరుకి లోపలి ఐపీ ఇవ్వు. ఆఫీసు పీసీలన్నీ డీఎన్ఎస్‌గా పీఎఫ్‌సెన్స్‌నే వాడాలి, ఎవరైనా గూగుల్ డీఎన్ఎస్ 8.8.8.8 పెట్టుకుని ఉంటే తీసెయ్.