"నీట గాలించి..." అన్నచోట గకారం అసలుదేనా?

ఇసుకతిన్నె: అమెరికాలో సౌత్ కరోలినా బ్రూవర్ గని పుష్యరాగం (టోపాజ్) మీద వ్యాసం తెలుగు చేస్తున్నాను. నగల్లో పొదిగేది కాదు, కొలిమి ఇటుకలకు పనికొచ్చే ముద్దరాయి. "నీట గాలించి... నిప్పున గాల్చి" అని ఎక్కడో చదివిన పాదం వదలడం లేదు. మధ్య ముక్క గుర్తులేదు. ఎవరిది? 'సాంద్రీకరణ' (ముడిరాయిలోంచి కావలసిన ఖనిజాన్ని వేరుచేయడం) బదులు 'గాలింపు' అనేయవచ్చా?

బంతిపూవు: వేమన వాసన వస్తోంది.

అరసున్న: వేమన్నది ఆటవెలది బాట. ఇది తేటగీతి. "నీట గాలించి గాలించి నిప్పుఁ బెట్టి" అని ఉండాలి. గణాలు సూర్యుడు, ఇద్దరు ఇంద్రులు, ఇద్దరు సూర్యులు; యతి నీ-ని. మీ 'నిప్పున గాల్చి'తో గణం తప్పుతుంది.

బంతిపూవు: సరే, ఆ గకారం సంగతి? 'నీటన్' ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట. 'కాలించి'కి సరళాదేశం వచ్చి 'గాలించి' అయిందేమో. కాలువ, కాలించు ఒకే ఇంటివి.

అరసున్న: బియ్యం గాలించడంలో ద్రుతం ఎక్కడుందండీ?

బంతిపూవు: 'బియ్యము' ప్రథమ. ప్రథమ మీది పరుషాలకు (క చ ట త ప) గసడదవలు. చిన్నయసూరిని అడగండి.

అరసున్న: "గాలించి పొయ్యి మీద పెట్టు" అని వాక్యం మొదట్లోనే అంటారే! నా ఓటు సంస్కృత 'గాలన'కే. గాలితో చేసేది తూర్పారబట్టడం, చేటతో చేసేది చెరగడం.

జల్లెడ: 'గాలింపు' సగం పనికే సరిపోతుంది. నీటి వంతు ఒకటి తీసేసి సాంద్రతలు చూడండి. బియ్యపు గింజ 1.4, రాయి 2.65, అంటే 1.65కి 0.4, నాలుగు రెట్ల తేడా. పుష్యరాగం 3.5, అంటుకున్న పలుగురాయి 2.65, తేడా ఒకటిన్నర రెట్లే. జిగ్‌లోనో (నీటిని ఎగదోసి దించే తొట్టి) షేకింగ్ టేబుల్ మీదో (నీరు పారే ఊగుడుబల్ల) ఇది విడాలంటే రేణువు ఒకటిన్నర మిల్లీమీటర్లకు తగ్గకూడదు. పలుగు సన్నగా అల్లుకుని ఉంటే ఇంకా మెత్తగా నూరాలి, అప్పుడు కొవ్వు ఆమ్లం వేసి నురుగులో తేల్చడమే. ముందు బురద కడగకపోతే ఆమ్లమంతా బంకమట్టే తాగేస్తుంది. పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) మరో తలనొప్పి. సాంద్రత 5 కనుక టేబుల్ మీద పుష్యరాగంతోనే దిగుతుంది. జాంథేట్‌ అనే నురుగుతేల్పు రసాయనంతో ముందే తేల్చి పారేయాలి, ఇనుము మిగిలితే ఇటుక వేడికి ఆగదు.

బంతిపూవు: నురుగంటే గాలి బుడగలేగా! చూశారా, గాలించులో గాలి.

అరసున్న: ఇందాక కాలువ అన్నారు.

జల్లెడ: గాలిస్తే కావలసింది అడుగున, తేలిస్తే పైన. ఒకే మాట రెంటికీ ఎలా అతుకుతుంది? 'నిప్పుఁ బెట్టి' మాత్రం అచ్చుగుద్దినట్టుంది. 1100 డిగ్రీలు దాటాక పుష్యరాగం ముల్లైట్‌గా (ఇటుకకు కావలసిన, వేడికి ఆగే ఖనిజం) మారుతుంది, సిలికాన్ టెట్రాఫ్లోరైడ్ వాయువు పోతుంది, బరువులో పావువంతు పైనే తగ్గుతుంది. ఆ వాయువు విషం. నీటి జల్లులోకి పంపి పట్టాలి. ఆరు అణువుల పుష్యరాగానికి ఒక సిలికా కూడా ఈ చర్యలో ఖర్చవుతుంది. అందుకని పలుగు కాస్త మిగిలినా భయం లేదు, మరీ 'గాలించి గాలించి' అక్కర్లేదు.

అరసున్న: గనికి అక్కర్లేకపోయినా గణాల కోసం ఉంచుతాను.

ఇసుకతిన్నె: పద్యం ఎవరిదో చెప్పలేదు. శీర్షికలో పుష్యరాగమా, పుష్పరాగమా?

జల్లెడ: నగల అంగడిలో పుష్యరాగమంటే ఎక్కువగా పసుపు కురువిందం, సాంద్రత 4. వ్యాసంలో 'టోపాజ్' అని ఒకసారైనా రాయండి, లేకపోతే లెక్కలు తప్పుతాయి.

అరసున్న: పుష్ప, పుష్య రెండూ ఉన్నాయి. అది తర్వాత. ముందు ద్రుతమూ ప్రథమా లేనిచోట 'కాలించు' ఒక్కటి చూపించమనండి.

బంతిపూవు: చూపిస్తాను. ఈలోగా 'గాలన' వంటింట్లోకి ఏ దారిన వచ్చిందో మీరు చెప్పండి.